తలకు దెబ్బ తగిలినవారు ఇంటికి వచ్చాక: కోలుకునే దారిలో ఎదురయ్యే చిక్కులు



మన ప్రాంతంలో తలకు దెబ్బలు ఎలా తగులుతాయో మీకు కొత్తగా చెప్పక్కరలేదు. టెక్కలి, పలాస మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదాలు, ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీద నుంచి పడడం, ఇల్లు కట్టేచోట పరంజా మీద నుంచి జారడం, ఇంట్లోనే ముసలివారు కాలుజారి పడడం. ఇవి కాక, హైదరాబాదు, చెన్నై, గుజరాత్ వెళ్ళి పనులు చేసుకునే మనవాళ్ళు అక్కడ దెబ్బ తిని, ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం పట్టుకుని రైల్లో ఇంటికి చేరుతుంటారు.

ప్రమాదం జరిగిన రోజున ఊరంతా కదులుతుంది. 108కి ఫోను చేస్తారు, రక్తం ఇస్తారు, అప్పు తెస్తారు. ఆపరేషను అయి, ప్రాణం దక్కి, మనిషి ఇంటికి వచ్చాక చూడడానికి వచ్చేవారు తగ్గిపోతారు. ఆ తరువాత నెలల తరబడి ఆ మంచం దగ్గర ఉండేది తల్లో, భార్యో, ఒక ఆడపిల్లో. అసలైన నర్సింగు అప్పుడే మొదలవుతుంది.

మంచి సమరయుని ఉపమానం మనందరికీ తెలుసు. గాయాలు కట్టడంతో ఆయన పని అయిపోలేదు. గాయపడినవానిని పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు, ఆ రాత్రి దగ్గర ఉన్నాడు, మర్నాడు డబ్బిచ్చి, మళ్ళీ వస్తానని చెప్పాడు. దారిలో చేసిన సాయం గురించి మనం ప్రసంగాలు చాలా విన్నాం. ఈ వ్యాసం పూటకూళ్ళ ఇంట్లో జరగవలసిన సేవ గురించి.

గుర్తుంచుకోవలసిన ఒక్క మాట

తలకు గట్టి దెబ్బ తగిలినవారు నెమ్మదిగా కోలుకుంటారు. ఒక్కోసారి కొన్ని వారాలు ఉన్నచోటే ఆగిపోతారు. అది భయపడవలసిన విషయం కాదు. కానీ బాగుపడుతున్న మనిషి వెనక్కి పోతే, అంటే నిన్న మాట్లాడినవాడు ఈరోజు మాట్లాడకపోతే, నడిచినవాడు పడిపోతుంటే, మెలకువగా ఉండేవాడు మగతగా ఉంటే, దానికి ఏదో ఒక కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం మెదడుకు తగిలిన పాత దెబ్బ కాదు, కొత్తగా వచ్చిన చిక్కు. అటువంటి చిక్కుల్లో చాలావాటికి వైద్యం ఉంది.

"తల దెబ్బ కదా, ఇంక ఇంతే" అని ఇంట్లో ఉంచేస్తే ఆ వైద్యం అందే వేళ దాటిపోతుంది. "గాలి సోకింది" అని మంత్రం వేయించడానికి తిప్పినా అంతే. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాం. ప్రార్థన చేస్తూనే రోగిని ఆసుపత్రికి తీసుకురండి.

ఇక ఒక్కొక్క చిక్కునూ చూద్దాం.

1. ఫిట్స్

తల దెబ్బ తరువాత ఫిట్స్ మొదటి వారంలోనూ రావచ్చు, నెలలు, సంవత్సరాలు గడిచాక కూడా రావచ్చు. మెదడులో రక్తం గడ్డకట్టినవారికి, పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయినవారికి, ఏదైనా వస్తువు పుర్రెలోకి గుచ్చుకున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

వైద్య చరిత్రలో ప్రసిద్ధికెక్కిన ఒక తల దెబ్బ రైలుమార్గం పనిలో తగిలింది. అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ 1848 సెప్టెంబరు 13న బండరాయిని పేల్చే పనిలో ఉండగా, ఒక ఇనుప కడ్డీ ఆయన చెంప కింద నుంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. ఆయన బ్రతికాడు, లేచి తిరిగాడు, తరువాత చాలా ఏళ్ళు గుర్రపు బండ్లు కూడా తోలాడు. కానీ 11 సంవత్సరాలు దాటాక ఫిట్స్ మొదలై, 1860 మే నెలలో వాటితోనే చనిపోయాడు. ఆ రోజుల్లో ఫిట్స్‌కు మంచి మందు లేదు. ఇప్పుడు ఉంది.

ఆపరేషను అయినవారికి ఫెనిటాయిన్ వంటి మందు తరచుగా ఇస్తారు. మొదటి వారంలో వచ్చే ఫిట్స్‌ను అది తగ్గిస్తుంది. చాలాకాలం తరువాత వచ్చే ఫిట్స్‌ను ముందుగానే ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు. అందుచేత ఒక్కసారి కూడా ఫిట్స్ రానివారికి డాక్టరుగారు కొన్నాళ్ళకు ఆ మందు ఆపవచ్చు. ఫిట్స్ వచ్చినవారు ఎక్కువ కాలం వాడవలసి ఉంటుంది. ఏ సంగతీ మనంతట మనం తేల్చుకోకూడదు. మందు హఠాత్తుగా మానితే ఎడతెరిపి లేకుండా ఫిట్స్ రావచ్చు.

ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. చేతిలో తాళం చెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం చేయకండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. వేటకు సముద్రం మీదికి వెళ్ళేవారు, కొబ్బరిచెట్లు ఎక్కేవారు, బండి నడిపేవారు డాక్టరుగారు సరేననే వరకు ఆ పనులకు వెళ్ళకూడదు. చెరువులో ఒంటరిగా స్నానం చేయకూడదు.

2. రక్తంలో ఉప్పు తగ్గడం

ఉప్పు పండించే నౌపడలో ఒంట్లో ఉప్పు తగ్గడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. రక్తంలో సోడియం మామూలుగా 135 నుండి 145 మధ్య ఉండాలి. తల దెబ్బ తరువాత ఇది తగ్గిపోతే మనిషి మగతగా ఉంటాడు, తికమకగా మాట్లాడతాడు, వాంతులవుతాయి, మరీ తగ్గితే ఫిట్స్ వస్తాయి. ఇంటివారు దీన్ని "మళ్ళీ మెదడు పాడయింది" అనుకుంటారు.

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఉప్పు మడులలో పని చేసేవారికి ఇట్టే అర్థమవుతుంది. మడిలో ఉప్పునీరు చిక్కబడే వేళ అకాల వర్షం కురిస్తే ఉప్పు ఉన్నా పలచబడిపోతుంది. లేదా గట్టు తెగితే ఉప్పూ నీరూ కలిసి బయటికి పోతాయి. అలాగే కొందరిలో శరీరం నీటిని వదలకుండా పట్టి ఉంచడం వల్ల రక్తం పలచబడుతుంది. వారికి నీరు తగ్గించాలి. ఇంకొందరిలో ఉప్పు మూత్రంలో పోతుంది, దానితో నీరూ పోతుంది. వారికి ఉప్పూ నీరూ రెండూ ఎక్కించాలి. రిపోర్టులో అంకె ఒకటే, వైద్యాలు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. ఒకరికి చేసిన వైద్యం ఇంకొకరికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుచేత "సోడియం తగ్గింది" అనగానే ఇంట్లో గొట్టం ద్వారా ఉప్పునీళ్ళు పోయకండి, నీళ్ళు మాన్పించకండి. మరీ వేగంగా ఉప్పు పెంచినా మెదడుకు హాని. ఆసుపత్రిలో రక్తం మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తూ కొద్దికొద్దిగా సరిచేస్తారు. ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజపైన్ వంటి కొన్ని మందులు కూడా సోడియం తగ్గిస్తాయి. దీనికి భిన్నంగా కొందరికి విపరీతమైన దాహం, బిందెలకొద్దీ మూత్రం వస్తాయి. అప్పుడు సోడియం పెరుగుతుంది. అదీ వెంటనే చూపించవలసినదే.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి దెబ్బ తగిలినా ఈ తేడాలు వస్తాయి. నెలలు గడిచినా ఓపిక లేకపోవడం, బి.పి. తక్కువగా ఉండడం, స్త్రీలకు నెలసరి ఆగిపోవడం కనిపిస్తే హార్మోను పరీక్షల గురించి డాక్టరుగారిని అడగండి.

3. తలలో నీరు చేరడం, రక్తం చేరడం

మెదడు చుట్టూ తిరిగే నీరు సరిగా ఇంకకపోతే లోపల నిలిచిపోతుంది. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు, కొన్ని నెలలకు కూడా ఇది జరగవచ్చు. మూడు గుర్తులు చూడాలి: పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నడవడం, తెలియకుండా మూత్రం పోవడం, మతిమరుపూ మందకొడితనమూ పెరగడం.

ఒక తల్లి తన కొడుకును మా దగ్గరకు తీసుకువచ్చింది. మోటారు సైకిలు మీద నుంచి పడి, ఆపరేషను అయి, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచేవాడట. "మొన్నటిదాకా మా గుంటడు బాగానే నడిసీవోడు సిస్టరమ్మా, ఇప్పుడు అడుగు తీయడం లేదు, పక్క తడిపేస్తన్నాడు" అంది. బద్ధకమని తండ్రి తిడుతున్నాడు. పక్క తడుపుతున్నాడన్న సిగ్గుతో నెలపాటు ఎవరికీ చెప్పలేదు. స్కాన్ తీస్తే తలలో నీరు చేరింది. విశాఖపట్నం పంపించాం. అక్కడ తలలోని నీరు పొట్టలోకి పోయేటట్టు సన్నని గొట్టం వేశారు. నడక మళ్ళీ వచ్చింది. తిట్టిన తండ్రే చేయి పట్టుకుని తీసుకువచ్చి చూపించాడు.

ఇలా గొట్టం వేసినవారికి మళ్ళీ తలనొప్పి, వాంతులు, జ్వరం, మగత వస్తే గొట్టం మూసుకుపోయిందేమో, చీము పట్టిందేమో చూడాలి. ముసలివారిలో చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా మెదడు పైన మెల్లగా రక్తం చేరవచ్చు. ఒకవైపు చేయి, కాలు బలహీనపడడం, తలనొప్పి, నిద్రమత్తు దాని గుర్తులు. రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఇది మరీ ఎక్కువ.

ఆపరేషనులో పుర్రె ఎముక తీసి ఉంచినవారికి ఆ చోట చర్మం మెత్తగా ఉంటుంది. ఆ వైపు పడుకోనీయకండి. లేచి తిరిగేటప్పుడు తలకు రక్షణగా హెల్మెట్ పెట్టండి. ఆ చోటు ఉబ్బి గట్టిపడినా, బాగా లోపలికి గుంటపడి మనిషి మందగించినా చూపించాలి. ఎముక తిరిగి ఎప్పుడు పెడతారో డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి.

4. ఊపిరితిత్తులు, మింగడం

మెదడు దెబ్బ తిన్నవారికి మింగడం సరిగా రాదు. ముద్ద, నీళ్ళు కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు గురగురమనడం, సాయంత్రం జ్వరం దీని గుర్తులు. కొందరు దగ్గకుండానే మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"ఆకలితో ఉన్నాడు, ఒక్క ముద్ద పెడదాం" అని ముక్కు గొట్టం ఉన్నవారికి నోటితో పెట్టకండి. మింగే పరీక్ష చేసి మేము చెప్పాక మొదలుపెట్టండి. గొట్టంతో పోసేటప్పుడు, పోశాక ఒక గంటవరకు తలవైపు ఎత్తుగా ఉంచండి. నోరు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. నోటి శుభ్రత నిమోనియా రాకుండా కాపాడే చవకైన మందు. ఫెనిటాయిన్ గొట్టంలో ఇచ్చేవారు ఆహారానికీ మందుకూ గంటా రెండు గంటల ఎడం ఉంచాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు. గొంతుకు గొట్టం వేసి తీసినవారికి కొన్ని వారాల తరువాత ఊపిరి తీసేటప్పుడు ఈల వంటి శబ్దం వస్తే గాలిగొట్టం సన్నబడిందని అర్థం. ఆలస్యం చేయకండి.

5. మూత్రం, మలబద్ధం, పుండ్లు, కాలివాపు

మాట రాని మనిషి నొప్పి చెప్పలేడు. కోపంగా, అశాంతిగా చూపిస్తాడు. హఠాత్తుగా కేకలు వేస్తుంటే, చేతులు విసురుతుంటే, ముందు పొట్ట కింద చేయి పెట్టి చూడండి. మూత్రం బిగిసి ఉండవచ్చు. విరేచనం ఎన్ని రోజులయిందో లెక్క చూడండి. మూత్రపు గొట్టం మడతపడిందేమో, మూత్రం మబ్బుగా, వాసనగా ఉందేమో చూడండి. మూత్రపు సంచి ఎప్పుడూ పొట్టకంటే కిందికే ఉండాలి. గొట్టం అవసరం తీరిన రోజునే తీయించండి.

బాగా పెద్ద దెబ్బ తగిలిన కొందరికి ఉన్నట్టుండి చెమటలు, గుండెదడ, జ్వరం వచ్చి ఒళ్ళు బిగుసుకుంటుంది. ఇది ఫిట్స్ కాకపోవచ్చు. మూత్రం నిండినా, పక్కకు తిప్పినా మొదలుకావచ్చు. దీనికి వేరే మందులున్నాయి. ఏ సమయంలో, ఏం చేస్తుండగా వచ్చిందో రాసి తెస్తే డాక్టరుగారికి సగం పని తేలికవుతుంది.

రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. తిప్పినప్పుడల్లా నడుము కింద, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడిన చోట రుద్దకండి, దాని మీద బరువు పడకుండా చేయండి. ఒక్క కాలి పిక్క వాచి వేడిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. వాపు కదా అని నూనె రాసి మర్దనా చేయకండి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణాపాయం.

6. కీళ్ళు బిగుసుకుపోవడం

చేతులూ కాళ్ళూ ముడుచుకుని బిగుసుకుపోతే తరువాత తెలివి వచ్చినా లేవలేరు. ప్రతి కీలునూ రోజుకు రెండు మూడుసార్లు మెల్లగా, పూర్తిగా కదపాలి. ఫిజియోథెరపీ వారు చూపించినట్టు పాదాలు నిటారుగా ఉంచాలి. పక్షవాతం ఉన్న చేతిని పట్టుకుని లాగి లేపకండి, భుజం జారుతుంది.

తుంటి, మోకాలు, మోచేయి దగ్గర వాపు, వేడి, నొప్పి వచ్చి కీలు రోజురోజుకూ బిగుస్తుంటే, కండరంలో కొత్త ఎముక పెరుగుతూ ఉండవచ్చు. బలవంతంగా వంచి కట్టు కట్టే వారి దగ్గరకు తీసుకువెళ్ళకండి. ఎక్స్‌రే తీయించండి.

7. కోపం, నిద్ర, దిగులు

దెబ్బ తరువాత మనిషి స్వభావం మారవచ్చు. నెమ్మదస్తుడు బూతులు తిట్టవచ్చు. భార్యను అనుమానించవచ్చు. అది దెబ్బ తిన్న మెదడు పలికే మాట. గదిలో జనాన్ని తగ్గించండి, టీవీ ఆపండి, ఒకరే నెమ్మదిగా మాట్లాడండి. కట్టేయకండి. పక్కింటివారి నిద్రమాత్రలు వేయకండి. కొన్ని మత్తుమందులు కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. సారా, కల్లు అసలే వద్దు, ఫిట్స్ వస్తాయి.

తెలివి బాగా వచ్చాక, తాను ఏం పోగొట్టుకున్నాడో తెలిసినప్పుడు దిగులు పట్టుకుంటుంది. తినకపోవడం, చావు మాటలు వింటే తేలికగా తీసుకోకండి. దిగులుకు కూడా మందులున్నాయి.

8. ఉద్దానం వారికి ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో కిడ్నీ జబ్బు ఎక్కువని మనకు తెలుసు. తలనొప్పి అని దుకాణంలో కొన్న డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు కిడ్నీలను ఇంకా పాడుచేస్తాయి. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసెటమ్ మోతాదు కిడ్నీల పనితీరును బట్టి తగ్గించాలి. అందుచేత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా క్రియాటినిన్ రిపోర్టు ముందుగా చూపించండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకునేవారు ఆ పుస్తకం కూడా తీసుకురండి.

ఆలస్యం చేయకుండా తీసుకురావలసిన గుర్తులు

- నిద్ర లేపినా సరిగా లేవకపోవడం, కొత్తగా తికమక
- పెరుగుతున్న తలనొప్పి, ఆగని వాంతులు
- ఫిట్స్
- కొత్తగా ఒకవైపు బలహీనత, మాట పడిపోవడం, నడక తప్పడం
- జ్వరం, ఆయాసం, ఊపిరిలో శబ్దం
- ముక్కు నుండి గానీ చెవి నుండి గానీ నీళ్ళలాంటిది కారడం
- మూత్రం బిగియడం లేదా మరీ ఎక్కువగా పోవడం
- ఒక కాలు వాచడం, ఛాతీలో నొప్పి
- కుట్ల దగ్గర చీము, ఎముక తీసిన చోట ఉబ్బు

వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న మందుల అట్టలు తెండి. వీటితోపాటు ఒక చిన్న నోటు పుస్తకం. అందులో రోజూ నాలుగు మాటలు రాయండి: ఏం తిన్నాడు, ఎలా నిద్రపోయాడు, మూత్రం విరేచనం, ఈరోజు కొత్తగా చేసిన పని ఒకటి. చదువు రాకపోతే బడికి వెళ్ళే పిల్ల చేత రాయించండి. వెనక్కి పోవడం ఏ రోజు మొదలయిందో ఆ పుస్తకమే చెబుతుంది.

సంఘం చేయగలిగినది

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలయింది. ప్రమాదం తరువాతి బ్రతుకు కూడా బ్రతుకేనని ఆమె చేసి చూపించారు.

అందరికీ వేలూరు వెళ్ళే స్తోమత ఉండదు. కానీ ప్రతి సంఘంలోనూ నలుగురు మనుషులుంటారు. వారానికి రెండు పూటలు వెళ్ళి రోగి దగ్గర కూర్చుంటే ఆ తల్లి స్నానం చేసి, రెండు గంటలు నిద్రపోతుంది. పక్కకు తిప్పడానికి ఇంకొక చేయి దొరుకుతుంది. ఆసుపత్రికి రావడానికి ఆటో ఎవరు మాట్లాడతారన్న ఆలోచన తప్పుతుంది. స్త్రీల సమాజం, యవ్వనస్థుల సమాజం వారు ముందుకు వస్తే పక్కకు తిప్పడం, గొట్టంతో ఆహారం పోయడం, కీళ్ళు కదపడం నేర్పడానికి మా సిస్టర్లు సిద్ధంగా ఉన్నారు. మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఆసుపత్రికి వచ్చి నర్సింగు ఆఫీసులో అడగండి.

మీ వీధిలో తల దెబ్బతో ఇంటికి వచ్చినవారు ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళి చూడండి. "కిందటి నెల కంటే ఎలా ఉన్నాడు?" అని అడగండి. "తగ్గిపోతున్నాడు" అని జవాబు వస్తే మీరే దగ్గరుండి తీసుకురండి.